అరచేతిలో అకినా కొండ

ఒరే చిన్నూ, అమ్మలూ,

బీరువాలో దొరికిన ఆ నల్ల మెషీన్ ఏంటి, డిస్కు మీద ఉన్నది ఏ భాష అని వాయిస్ మెసేజ్ పెట్టారుగా. ఫోన్లో చెప్తే సగం వినరు మీరు, అందుకే రాస్తున్నా. అది పీఎస్‌పీ, అంటే సోనీ వాళ్ల చేత్తో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్. అందులో ఉన్న ఆట ఇనిషియల్ డి స్ట్రీట్ స్టేజ్, కార్ల పందేల ఆట, 2006లో సెగా అనే గేముల కంపెనీ వాళ్లు జపాన్ వరకే విడుదల చేశారు. అప్పట్లో నేను టోక్యోలో ఉద్యోగం చేస్తూ నిషికసాయ్‌లో ఉండేవాణ్ణి (మనదేశం వాళ్లు ఎక్కువగా ఉండేది అక్కడే), అక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు అకిహబరాలో కొని సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని తెచ్చా. జపాన్ డిస్కు ఇక్కడ ఆడదేమో అని టెన్షన్ పడకండి, పీఎస్‌పీలో సినిమా డిస్కులకి దేశాన్ని బట్టి తాళం ఉండేది గానీ ఆటలకి లేదు.

అసలు మొదట్లో ఇది చేత్తో పట్టుకుని ఆడే ఆట కాదు. ఆర్కేడ్‌లో, అంటే డబ్బులు వేసి గేములు ఆడుకునే చోట, కారు సీటు, స్టీరింగు, కింద పెడళ్లు, పక్కన గేర్ రాడ్, అన్నీ ఉండే పెద్ద మెషీన్. వంద యెన్ల నాణేలు వేసి ఆడాలి. మన కారు, మన టైములు ఒక చిన్న కార్డులో రాసుకుంటుంది, దాన్ని పర్సులో పెట్టుకుని తిరిగేవాళ్లం. పక్క సీట్లో ఎవరో ముక్కూమొహం తెలియనివాడు కూర్చుని మనతో పందెం వేస్తాడు, వెనక నలుగురు నిలబడి చూస్తుంటారు, చేతులు చెమటలు పట్టేవి. ఆ మెషీన్‌ని జేబులో పట్టేలా కుదించారన్నమాట. రోడ్లు, కార్లు వచ్చాయి, స్టీరింగు బరువు రాలేదు. పెడల్ అయితే సగమే తొక్కొచ్చు. బటన్‌కి సగం నొక్కడం అనేది ఉండదు, నొక్కితే మొత్తం, వదిలితే సున్నా. అందుకని మలుపులో బటన్‌ని టక్ టక్ మని తడుతూ పోవాలి. ఇది తెలియక మొదటి వారమంతా రెయిలింగుకి గుద్దుతూనే ఉన్నా.

కథ షిగెనో షుయిచి గీసిన మాంగా (జపాన్ బొమ్మల కథ) లోది. తకుమి అనే కుర్రాడు, వాళ్ల నాన్నకి టోఫు కొట్టు. టోఫు అంటే సోయా పాలతో చేసే పన్నీరులాంటిది, కుదిపితే చితికిపోతుంది. తెల్లారకముందే కొండ మీది హోటల్‌కి దాన్ని దించి రావాలి. వాళ్ల నాన్న కారులో గ్లాసు నిండా నీళ్లు పెట్టి, ఒక్క చుక్క ఒలకకుండా పొమ్మంటాడు. సడన్ బ్రేక్ వేస్తే నీళ్లు ముందుకి ఎగురుతాయి, స్టీరింగు విసురుగా తిప్పితే పక్కకి. అంటే కారు బరువు ఎటు ఒరుగుతోందో ఆ గ్లాసే చెప్తుంది. అలా పాత టొయోటా ఏఈ86తో పెద్ద పెద్ద ఇంజన్ల కార్లని దిగుడులో ఓడిస్తాడు, ఎందుకంటే కిందికి దిగేటప్పుడు ఇంజన్ కంటే బ్రేకూ బరువూ ముఖ్యం. కథలో వాడు నడిపే అకినా కొండ నిజానికి జపాన్‌లోని గున్మా అనే ప్రాంతంలో ఉన్న హరునా కొండే, పేరు మార్చారంతే. (వాడు లైసెన్సు రాకముందే నడిపాడని మీ నాన్న కారు తాళాలు ముట్టుకున్నారో, చూడండి మరి.)

జపనీస్ రాకపోయినా పర్లేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, అక్కడ సున్నా గుర్తు ఉన్న బటన్ అంటే సరే, ఇంటూ గుర్తు బటన్ అంటే వద్దు. మీరు అలవాటుగా ఇంటూ నొక్కుతారు, మెనూ వెనక్కి పోతుంది, ఆట పాడైందని నాకు ఫోన్ చేస్తారు. ఇంకోటి, వాళ్లూ మనలాగే ఎడమ పక్కన నడుపుతారు, స్టీరింగు కుడివైపే, కాబట్టి రోడ్డు కొత్తగా అనిపించదు.

బ్యాటరీకి వయసైపోయింది, ఛార్జర్ పెట్టే ఆడండి. డిస్కు తిరిగేటప్పుడు గిర్రుమంటుంది, భయపడకండి. అకినా దిగుడులో నా టైము ఉంటుంది, కొత్త ఆట మొదలుపెట్టి దాని మీద మాత్రం సేవ్ చేయకండి రా.

మీ పెదనాన్న