గౌరికి కడుపునొప్పి కాదు

చిట్టీ, బాబీ,

నిన్న ఫోన్లో మీ ఇద్దరి గొంతులూ వణికాయి. మీ పిల్లి గౌరి రెండు రాత్రులుగా పసిపిల్లలా ఏడుస్తోందని, నేల మీద దొర్లుతోందని, కడుపునొప్పేమోనని ఒకటే టెన్షన్. నాకు వింటూనే నవ్వొచ్చింది, కోప్పడకండి. అందరి కాళ్లకూ రాసుకుంటోందన్నారు. వీపు నిమిరితే ముందు కాళ్లు వంచి, వెనక భాగం పైకెత్తి, తోక పక్కకు పెడుతోందన్నారు. అది నొప్పి కాదర్రా, ఎదకొచ్చింది, అంటే మగపిల్లి జత కోరుకుంటోంది. ఆరు నెలలకే ఏమిటంటారా? నాలుగో నెలలో వచ్చేవీ ఉన్నాయి.

నేనూ ఇలాగే మోసపోయాను. మా మొదటి పిల్లికి వాము నీళ్లు పట్టబోయి చెయ్యంతా గీరించుకున్నాను. పాలు పోసే ఆమె చూసి, "గేదె అరిస్తే తెలుస్తుంది గానీ పిల్లి అరిస్తే తెలీదా అమ్మా?" అంది.

గేదెకు ఎద ఒక రోజులో తీరిపోతుంది. పిల్లికి అలా కాదు, దాదాపు వారం సాగుతుంది. మామూలుగా మగపిల్లితో కలిస్తేనే దానికి అండం విడుదలవుతుంది. కలవకపోతే రెండు మూడు వారాల్లో మళ్లీ అదే పాట! పగటి వెలుగు ఎక్కువగా ఉండే నెలల్లో ఈ గోల ఎక్కువ. ఇంట్లో రాత్రి దాకా వెలిగే లైట్లు కూడా దానికి పగలే.

తిట్టకండి, తలుపులు మూసి ఉంచండి, కాసేపు ఆడించండి. మనుషుల పారాసిటమాల్ మాత్రం ముట్టించొద్దు, పిల్లులకు అది విషం. ఎద ఆపే మాత్రలూ వద్దు, వాటితో గర్భసంచిలో చీము పట్టే ప్రమాదముంది. కుక్కల్లాగా పిల్లికి ఎదలో రక్తం కనపడదు. కాబట్టి రక్తమో చీమో కనిపించినా, తిండి మానేసినా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఈ బాధ ఉండదు. ఎదలో ఉండగా గర్భసంచి దగ్గరి రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, అందుకే చాలామంది డాక్టర్లు తగ్గేదాకా ఆగమంటారు. ముందు ఒకసారి ఈననివ్వాలని ఎవరైనా చెబితే నమ్మకండి. మాది వంటింటి కిటికీలోంచి దూకి పోయింది. రెండు నెలలకు బియ్యం డబ్బాల వెనక నాలుగు పిల్లలు! ఏడిళ్లు తిప్పడమంటే ఏమిటో అప్పుడు చూశాను, చివరికి నా చీరల పెట్టెలో తేలాయి. వాటికి పాలిస్తుండగానే తల్లి మళ్లీ ఎదకొచ్చింది.

సోమవారం నాన్నతో డాక్టరుకు ఫోన్ చేయించండి. మీ వంటింటి కిటికీ గడియ వదులుగా ఉందని అమ్మ అంటుండేది. ఈ రాత్రికి దానికో తాడు కట్టండి.

మీ అమ్మమ్మ