యురేనియాన్ని పట్టే బూజు

కవర్లో మరిచిపోయిన బ్రెడ్డు మీద నల్లచుక్కలతో పట్టే బూజు పేరు రైజోపస్. 1980ల మొదట్లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మారియస్ ట్సెజోస్, బోహుమిల్ వొలెస్కీ ఇద్దరూ ఈ జాతి బూజునే ఎండబెట్టి, పొడిచేసి, యురేనియం కలిసిన నీళ్లలో వేసి చూశారు. గ్రాము పొడి సుమారు 180 మిల్లీగ్రాముల యురేనియాన్ని పట్టేసింది. చచ్చిన బూజు! దానికి తిండి పెట్టక్కర్లేదు, విషానికి చస్తుందన్న బెంగా లేదు.

కిటుకంతా కణం గోడలో ఉంది. అందులో ఉండే కైటిన్ రొయ్య పెంకులోనూ ఉంటుంది. నీళ్లలో యురేనియం రెండు ఆక్సిజన్లను వెంటబెట్టుకుని, ధనావేశంతో తిరుగుతుంది. కైటిన్‌లోని నైట్రోజన్ దాన్ని పట్టుకుంటుంది. పట్టుబడిన దాని చుట్టూ ఇంకొంత చేరి, గోడలోనే గట్టిపడుతుంది. నీళ్లు కాస్త ఆమ్లంగా, పీహెచ్ 4 దగ్గర ఉంటే ఈ పని బాగా జరుగుతుంది.

దీంతో యురేనియం మాయమైపోదు. దాని అర్ధాయువు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 447 కోట్ల ఏళ్లు. ఏ బూజూ దాన్ని తగ్గించలేదు. నీళ్లలోంచి పొడిలోకి మారుతుంది, అంతే. ఆ పొడిని వంటసోడా నీళ్లతో కడిగితే యురేనియం చాలావరకు వదిలి వచ్చేస్తుంది, పొడి మళ్లీ పనికొస్తుంది.

కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని విషయంలో చిక్కు సరిగ్గా ఈ సోడా దగ్గరే. అక్కడి ఖనిజం సున్నపురాయి లాంటి డోలమైట్ రాతిలో ఉంది. యాసిడ్ పోస్తే రాయే తాగేస్తుంది కాబట్టి సోడాతో యురేనియం తీస్తారు. కార్బనేట్ తోడైన యురేనియం రుణావేశంలోకి మారిపోతుంది, బూజుకు అంత తేలిగ్గా చిక్కదు. ముందు ఆమ్లం కలిపి కార్బనేట్‌ను వెళ్లగొట్టాలి. అది ఖర్చు.

ఇంకో దారి బతికున్న బూజు. 2008లో స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ గాడ్ బృందం పెంచిన శిలీంధ్రాల పోగుల మీద యురేనియం, ఫాస్ఫేట్ కలిసిన ఖనిజం పొరగా ఏర్పడింది. అది నీళ్లలో తేలిగ్గా కరగదు.

తాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముందు దెబ్బతినేది మూత్రపిండాలు. తుమ్మలపల్లె వ్యర్థాల చెరువు చుట్టుపక్కల రైతులు బోర్లు పాడయ్యాయని ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. వాళ్లకు ఇది పనికొస్తుందా అన్నది స్వేదనజలంలో యురేనియం కలిపి చేసే ప్రయోగాలతో తేలదు. కాల్షియం, బైకార్బనేట్ నిండిన ఆ బోరు నీళ్లతోనే పరీక్షించాలి.