ప్యారిస్ నుంచి బోస్టన్‌కు వచ్చిన ఉత్తరాలు

1831లో జేమ్స్ జాక్సన్ అనే బోస్టన్ యువకుడు వైద్యం నేర్చుకోవడానికి ప్యారిస్ వెళ్ళి, అక్కడి నుంచి తండ్రికి రాసిన ఉత్తరాల సంగతి తెలిసినప్పటి నుంచి నా మనసు వాటి మీదనే ఉంది. అదే పేరు గల ఆ తండ్రి హార్వర్డ్‌లో వైద్యాచార్యుడు, మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి స్థాపకులలో ఒకరు. ఆనాటి అమెరికా వైద్య కళాశాలలు చాలావరకు కొద్ది నెలల ఉపన్యాసాలు చెప్పి, రెండో ఏడు మళ్ళీ అవే వినిపించి పట్టా ఇచ్చేవి. వినడమే చదువనుకునే బోధన ఏ కాలంలోనైనా నాకు బాధాకరంగానే తోస్తుంది. లా పిత్యే ఆసుపత్రిలో పియెర్ లూయీ అనే వైద్యుడు ఆ యువకునికి నేర్పినది లెక్కపెట్టడం.

అప్పట్లో జ్వరమైనా న్యుమోనియా అయినా నెత్తురు తీయడమే ప్రధాన చికిత్స. ఒళ్ళు కాలిపోతూ కలవరిస్తున్న రోగి సిరను కోసి అర లీటరుకు పైగా తీస్తే, గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గి రక్తపోటు దిగుతుంది. చర్మంలోని నాళాలు ముడుచుకుని ఒళ్ళు చల్లబడుతుంది. చెమటలు పట్టి, కళ్ళు తిరిగి రోగి కదలకుండా పడుకుంటాడు. చుట్టూ ఉన్నవారికి అది నెమ్మదించినట్టే కనిపిస్తుంది. ఒకటి రెండు రోజులలో కణజాలాల ద్రవం నాళాలలోకి చేరి రక్తం పరిమాణాన్ని పూరిస్తుంది గాని, ఎర్రకణాలు మళ్ళీ తయారు కావడానికి వారాలు పడుతుంది. ఊపిరితిత్తి గట్టిపడి ప్రాణవాయువు కరువైన వేళ, దానిని మోసే కణాలనే తోడిపోశారన్నమాట.

లూయీ 77 మంది న్యుమోనియా రోగులను లెక్కించాడు. మొదటి నాలుగు రోజులలో నెత్తురు తీసిన 41 మందిలో 18 మంది, ఐదు నుంచి తొమ్మిది రోజుల మధ్య తీసిన 36 మందిలో 9 మంది మరణించారు. బతికినవారిలో మాత్రం ముందు తీసినవారికి జబ్బు సుమారు మూడు రోజులు తక్కువ కాలం ఉంది. ఐదో రోజు దాకా బతికినవారే రెండో జట్టులోకి రాగలరు కనుక ఈ పోలికలో లోపం ఉంది. అయినా నెత్తురు తీస్తే జబ్బు అక్కడికక్కడే తెగిపోతుందన్న నమ్మకం దీనితో నిలబడలేదు. దిష్టి తీసిన మర్నాడు జ్వరం తగ్గిందనేవారిని, తగ్గని మర్నాళ్ళు ఎన్నో కూడా చెప్పమని అడిగితే చాలు.

1832 ఏప్రిల్‌లో ప్యారిస్‌ను కలరా ముంచెత్తినప్పుడు కుమారుడు సేకరించిన రోగుల వివరాలు అదే ఏడాది బోస్టన్‌లో అచ్చయ్యాయి. అతనిని మరికొన్నేళ్ళు పరిశీలనకే వదలమని అతని తండ్రిని లూయీ కోరాడు. అమెరికాలో యువ వైద్యుడు ప్రాక్టీసు పెట్టక తప్పదని తండ్రి ఒప్పుకోలేదు. 1833లో తిరిగి వచ్చిన ఆ యువకుడు 1834 మార్చిలో, ఇరవై నాలుగేళ్ళకే మరణించాడు. మరుసటి ఏడు తండ్రి అతని ఉత్తరాల భాగాలతో జీవిత స్మృతిని అచ్చు వేయించాడు. 1836లో నెత్తురు తీయడంపై లూయీ రాసిన గ్రంథం ఆంగ్లానువాదం బోస్టన్‌లో వెలువడినప్పుడు, దానికి పీఠికతో పాటు తమ ఆసుపత్రి న్యుమోనియా రోగుల లెక్కలను అనుబంధంగా చేర్చినది ఆ తండ్రే.