మీర్ యెషివా, దాని చుట్టుపక్కల వీధులు: అపోహలు - వాస్తవాలు

పవిత్ర భూమి యాత్రకు వచ్చే తెలుగు బృందాలూ, ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్లుగా పనిచేస్తున్న మనవాళ్లూ జెరూసలేంలో ఒక చోటు గురించి రకరకాలుగా అనుకుంటారు. బేత్ ఇస్రాయేల్ పేటలో ఉన్న మీర్ యెషివా (యెషివా అంటే యూదుల మతవిద్యాలయం), దాని పక్కనే నిష్ఠాపరులైన యూదులు ఉండే మేయా షెఆరీమ్ పేట గురించే ఇదంతా.

అపోహ: యెషివా మఠం లాంటిది, లోపలంతా నిశ్శబ్దం.

తలుపు తీస్తే సంతలో ఉన్నంత గోల. ఈ చదువుశాల పేరు బేత్ మిద్రాష్. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే పుటను పైకి చదువుతూ, అవతలివాడి మాటను అక్కడికక్కడే ఖండిస్తూ పోతారు. ఈ జోడీని హవ్రూతా అంటారు. కొత్తగా చేరినవాడు మంచం కంటే ముందు జోడీని వెతుక్కోవాలి. ఎదుటివాడు ప్రతిదానికీ తలూపే రకమైతే ఆ విడత చదువు నీళ్లపాలే. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని రోజుకు మూడు పూటలు చదువు. పెళ్లైనవాళ్లు చదివేది కోలెల్‌లో, వాళ్లకు కొద్దిపాటి భృతి ఇస్తారు. అందరూ రబ్బీలు కావడానికే వస్తారనుకోవడమూ పొరపాటే. ఎక్కువమందికి చదువే లక్ష్యం, పట్టా కాదు.

అపోహ: బైబిల్‌ను వేదపాఠశాలలోలా వల్లె వేయిస్తారు.

ఇక్కడి ప్రధాన గ్రంథం తాల్ముద్, అంటే యూదుల ధర్మశాస్త్రం మీద పూర్వపు రబ్బీల చర్చల సంపుటి. పోలిక తప్పదంటే వల్లెవేతతో కాదు, మన తర్కపండితుల వాక్యార్థ సభతో పెట్టండి. పుట మధ్యలో మూలం, బైండింగు వైపు మధ్యయుగ పండితుడు రాషి వ్యాఖ్య, బయటి అంచున ఆయన తర్వాతి పండితులు రాసిన తోసఫోత్ అనే వ్యాఖ్య ఉంటాయి. మూలంలో ఎక్కువ భాగం అరమాయిక్ భాష.

బావా మెజియా అనే భాగం మొదట్లోనే ఒక తగాదా వస్తుంది. ఇద్దరు ఒకే వస్త్రం పట్టుకుని వచ్చి "మొత్తం నాదే" అంటారు. చెరి సగం పంచాలి, కానీ ముందు ప్రమాణం చేయించాలి. ఏమని? "ఇందులో నా వాటా సగానికి తక్కువ కాదు" అని. "మొత్తం నాదే" అని ప్రమాణం చేయించి సగమే ఇస్తే ప్రమాణానికీ తీర్పుకీ పొంతన ఉండదు. "సగం నాది" అంటే తన వాదనను తానే వదులుకున్నట్టు. ఒకడు మొత్తం తనదనీ, రెండోవాడు సగం తనదనీ అంటే వాటాలు ముప్పావు, పావు. ఎందుకంటే ఒక సగం మొదటివాడిదేనని రెండోవాడూ ఒప్పుకున్నట్టే, తగువు మిగిలిన సగం మీదే. లోతుగా చదివే పూటలో ఇలాంటి ఒక్క పుట మీదే రోజులు గడిచిపోతాయి. రోజుకో పత్రం (ఒక కాగితానికి రెండు వైపులా) చొప్పున చదివే దాఫ్ యోమీ వేరే పద్ధతి. అందులో 2,711 పత్రాలు పూర్తి కావడానికి దాదాపు ఏడేళ్ల ఐదు నెలలు పడుతుంది.

అపోహ: ఈ యెషివా ఇక్కడ ప్రాచీన కాలం నుంచీ ఉంది.

మీర్ నేటి బెలారుస్‌లోని ఒక చిన్న ఊరి పేరు. జెరూసలేం శాఖ మొదలైంది 1944లో. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అసలు యెషివా విద్యార్థులు లిథువేనియా చేరి, అక్కడి నుంచి సైబీరియా మీదుగా జపాన్‌లోని కోబేకు, తర్వాత షాంఘైకి వెళ్లారు. చాలామందికి ట్రాన్సిట్ వీసాలు ఇచ్చింది లిథువేనియాలో జపాన్ దౌత్యాధికారిగా ఉన్న చియునె సుగిహారా.

అపోహ: మేయా షెఆరీమ్ అంటే వంద ద్వారాలు.

మాటకు మాట చూస్తే ఆ అర్థమూ వస్తుంది. కానీ 1874లో పేట కట్టినప్పుడు ఈ పేరు తీసుకున్నది ఆదికాండము 26:12 నుంచి, ఇస్సాకు విత్తితే నూరంతల పంట పండిన వచనం నుంచి.

అపోహ: నల్లకోటు వేసినవాళ్లంతా ఒక్కటే.

మీర్‌ది తాల్ముద్ చదువుకు పెద్దపీట వేసే లిథువేనియా సంప్రదాయం. బొచ్చుటోపీలు ఎక్కువగా కనిపించేది హసీదీలలో, అంటే భక్తికి పెద్దపీట వేసే మరో శాఖలో, అదీ విశ్రాంతి దినాన, పండగలకు. వీధిలో తూర్పు ఐరోపా యూదుల భాష యిడ్డిష్ కూడా బాగా వినిపిస్తుంది, కాబట్టి నేర్చుకున్న నాలుగు హీబ్రూ ముక్కలతోనే అంతా అర్థం కాదు.

అపోహ: శనివారం వెళ్తే ఫొటోలకు బాగుంటుంది.

సరిగ్గా వెళ్లకూడని రోజది, యూదుల విశ్రాంతి దినం. శుక్రవారం సూర్యాస్తమయానికి 40 నిమిషాల ముందు సైరన్ మోగుతుంది. శనివారం రాత్రి నక్షత్రాలు పొడిచేదాకా కారు, ఫోను, కెమెరా ఏదీ వాడకూడదు. మేయా షెఆరీమ్ వీధికి అడ్డుకంచెలు పెడతారు. మామూలు రోజున వెళ్లినా ఇరవైమంది గుంపుగా, ఒకే రంగు టోపీలతో పోవద్దు. గొడవలు ఎక్కువగా మొదలయ్యేది అలాంటి బృందాల దగ్గరే. ఆడవాళ్లు మోచేతులు, మోకాళ్లు కప్పుకోవాలి. ప్యాంటు కంటే చీర నయం, కానీ నడుము కనబడకుండా చున్నీ కప్పుకోండి. గోడల మీది నల్ల అక్షరాల పోస్టర్లు సినిమావి కావు, పాష్కెవిల్ అనే ప్రకటనలు. చింపకండి.

అపోహ: పాత పుస్తకాలు బయట పెట్టారంటే ఎవరైనా తీసుకోవచ్చు.

చిరిగిన పవిత్ర గ్రంథాలను చెత్తలో వేయరు. గెనీజా పెట్టెలో చేర్చి, నిండాక భూమిలో పాతిపెడతారు. గుర్తుగా ఉంటుందని అందులోంచి ఒక కాగితం తీసుకోవద్దు.