సెకండ్ హ్యాండ్ ఈ-క్లాస్: "ఏ మోడల్ మంచిది?" అని అడిగే ముందు

2006లో రిజిస్టరైన రెండు మెర్సిడెస్ ఈ-క్లాస్ కార్లు పక్కపక్కన ఉన్నాయనుకోండి. రెండూ నలుపే, రెండూ డబ్ల్యూ211 తరమే, చెప్పే రేటు కూడా అటూఇటుగా ఒకటే. కానీ బ్రేకులు వేరు. ఒకదానిలో మీ కాలికీ చక్రానికీ మధ్య కంప్యూటరు ఉంది, రెండోదానిలో లేదు. అమ్మేవాళ్ళకి చాలాసార్లు ఈ సంగతే తెలియదు.

కొనబోయేవాళ్ళ తరఫున పాత కార్లు చూసిపెట్టడం నా పని. ఈ-క్లాస్ గురించి నా చెవిన పడే మాటల్లో పూర్తి అబద్ధాలు తక్కువ. ప్రతి మాటా ఏదో ఒక ఏడాది కారుకి, ఏదో ఒక ఇంజిన్‌కి నిజమే. చిక్కల్లా దాన్ని అన్ని తరాలకీ అంటగట్టడంలోనే.

ముందు తరాలు గుర్తుపట్టండి: డబ్ల్యూ124 (1984-95), నాలుగు గుండ్రటి లైట్ల డబ్ల్యూ210 (1995-2002), డబ్ల్యూ211 (2002-09), డబ్ల్యూ212 (2009-16), డబ్ల్యూ213 (2016-23). చాసిస్ నంబరులో మొదటి మూడు అక్షరాల తర్వాత వచ్చే మూడు అంకెలు సాధారణంగా ఈ తరాన్నే చెబుతాయి. అమెరికాకి వెళ్ళిన కార్లలో మాత్రం ఆ పద్ధతి వేరు. రిజిస్ట్రేషన్ తేదీని నమ్ముకోవద్దు, తయారైన తేదీ పట్టుకోండి. రెంటికీ మధ్య నెలలు గడిచిపోయి ఉండవచ్చు.

అపోహ: పాత బెంజ్‌కి చావు లేదు. ఎంత పాతదైతే అంత గట్టిది.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. గ్రీస్‌లో ఒక టాక్సీ డ్రైవరు 1976 నాటి 240డి కారుని 46 లక్షల కిలోమీటర్లు తిప్పాడు. 2004లో కంపెనీ దాన్ని తీసుకుని మ్యూజియంలో పెట్టుకుంది. అది ఈ-క్లాస్‌కి తాత వరస. అయితే ఈ కథలో జనం చెప్పని సగం ఒకటుంది: ఆయన ఇంజిన్లు దించుతూ, మారుస్తూ, వంతులవారీగా నడిపాడు. కారు దానంతటది బతకలేదు, ఆయన బతికించుకున్నాడు.

డబ్ల్యూ124 ఇనుము గట్టిదే, తీగలు కావు. సుమారు 1992 నుంచి 1995 దాకా వచ్చిన కార్లలో ఇంజిన్ వైరింగ్ మీది తొడుగు వేడికి ఎండి, ముట్టుకుంటే ఎండుటాకులా రాలిపోతుంది. లోపల తీగకి తీగ తగిలితే ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) ఎగుడుదిగుడవుతుంది, ఒక్కోసారి కంట్రోల్ యూనిట్టే కాలిపోతుంది. కాబట్టి ఆ ఏళ్ళ కారు చూసేటప్పుడు ఇంజిన్ సౌండ్ వినడం కన్నా ముందు వైరింగ్ మీది గొట్టం కాస్త వెనక్కి జరిపి లోపలి తీగలు చూస్తాను. వైరింగ్ మార్చి ఉంటే, మార్చిన బిల్లు ఉంటే, ఆ మచ్చ అక్కడితో పోయినట్టే.

డబ్ల్యూ210 కథ దీనికి తలకిందులు. ఇంజిన్లు మొండివి, ఒళ్ళంతా తుప్పు. డోర్ల అడుగులు, చక్రాల పైకమానులు, డిక్కీ తాళం చుట్టూ ఉన్న తుప్పు కంటికి కనబడుతుంది, దానికి నేను భయపడను. భయపెట్టేది ముందు సస్పెన్షన్ స్ప్రింగు పైకొస ఆనుకునే గిన్నెలాంటి ముక్క. బాడీకి వెల్డింగ్ చేసిన ఆ ముక్క చుట్టూ పూసిన సీలెంట్ వెనక తేమ చేరి, లోలోపలే తినేస్తుంది. బయటికి ఏమీ తెలియదు. ఒక రోజు అది ఊడుతుంది, కారు ఆ మూల కూలబడుతుంది. డబ్ల్యూ210ని లిఫ్ట్ ఎక్కించి, టైరు తీసి, టార్చి వేసి చూడకుండా ఎంత తక్కువకొచ్చినా కొనమని చెప్పను.

అపోహ: డబ్ల్యూ211 బ్రేకులు ప్రమాదం. ఆ మోడల్ జోలికే పోవద్దు.

మొదట్లో చెప్పిన కంప్యూటర్ బ్రేకు ఇదే, ఎస్‌బీసీ (సెన్సోట్రానిక్ బ్రేక్ కంట్రోల్) అంటారు. మామూలు కారులో పెడల్ వెనక గుండ్రటి డబ్బాలా వాక్యూమ్ బూస్టర్ ఉంటుంది, మీ కాలి బలాన్ని పెంచేది అదే. ఎస్‌బీసీలో ఆ డబ్బా ఉండదు. మీరు ఎంత గట్టిగా, ఎంత వేగంగా తొక్కారో సెన్సర్లు చదువుతాయి. పంపు ముందే నింపి పెట్టుకున్న ఒత్తిడిని కంప్యూటరు ఒక్కో చక్రానికి కావలసినంత పంపుతుంది. నడిచినంతకాలం ఆ బ్రేకు అద్భుతం, నాకిష్టం. ఫెయిలైతే ముందు చక్రాలకి మాత్రమే నేరుగా హైడ్రాలిక్ దారి మిగులుతుంది. పెడల్ లోతుకి దిగిపోతుంది, చాలా బలంగా తొక్కాలి. 2004లో సుమారు 6,80,000 కార్లు, 2005లో బ్రేకులతో పాటు మరికొన్ని ఎలక్ట్రికల్ లోపాలు కలిపి 13 లక్షల కార్లు కంపెనీ వెనక్కి పిలిచింది. 2006 ఫేస్‌లిఫ్ట్‌తో (అదే తరానికి మధ్యలో చేసే మార్పులు) ఈ-క్లాస్‌లో ఎస్‌బీసీని తీసేసి మామూలు బ్రేకు పెట్టారు.

అంటే అదే డబ్ల్యూ211లో, 2006 మధ్య తర్వాత తయారైన కారుకి ఈ భయం వర్తించదు. మీరు చూస్తున్నది ఏదో తెలుసుకోవడానికి ఒక చిన్న పద్ధతి: కారు కాసేపు నిద్రపోయాక డోరు తెరవండి. తాళం తిప్పకముందే ఎక్కడో పంపు 'గుయ్' మంటే అది ఎస్‌బీసీ. బానెట్ ఎత్తితే బూస్టర్ డబ్బా కనబడకపోవడం రెండో సాక్ష్యం.

ఎస్‌బీసీ ఉన్నంత మాత్రాన కారుని వదిలేయనక్కర లేదు. ఆ యూనిట్ తాను ఎన్నిసార్లు బ్రేకు వేసిందో లెక్క పెట్టుకుంటుంది, లెక్క నిండితే డాష్‌బోర్డు మీద వార్నింగ్ వేస్తుంది. కారులోని కంప్యూటర్లని చదివే కంపెనీ స్కానరుతో ఆ లెక్క చూడవచ్చు. యూనిట్ మార్చారా, ఎప్పుడు మార్చారు, ఇప్పుడు లెక్క ఎంతుంది, ఈ మూడు అడగండి. "లెక్కని వెనక్కి తిప్పాం" అని గొప్పగా చెబితే మాత్రం వద్దనండి. అరిగిన పంపు అరిగినట్టే ఉంది, అది చెప్పే నోరు మాత్రమే మూసేశారన్నమాట. ఇంకో సంగతి, ఇది మెకానిక్కులకి: ఎస్‌బీసీని స్కానరుతో నిద్రపుచ్చకుండా బ్రేకు ప్యాడ్లు విప్పొద్దు. ఎవరో డోరు తెరవగానే పిస్టన్లు బిగుసుకుంటాయి, మధ్యలో వేళ్ళుంటే వేళ్ళు పోతాయి.

అపోహ: చెయిన్ ఇంజిన్ కదా, దాన్ని చూడక్కర లేదు.

ఇంజిన్‌లో వాల్వుల్ని వేళకి తెరిపించేది కొన్ని కార్లలో రబ్బరు బెల్టు, వీటిలో చెయిన్. బెల్టులా తెగదు, నిజమే. కానీ సాగుతుంది, పళ్ళు అరుగుతాయి. డబ్ల్యూ211 ఈ200 కొంప్రెసర్‌లోనూ, తొలి డబ్ల్యూ212 పెట్రోలు నాలుగు సిలిండర్ల కార్లలోనూ ఉన్న ఎం271 ఇంజిన్‌కి ఇది బాగా తెలిసిన జబ్బు. రాత్రంతా ఆగిన ఇంజిన్‌ని స్టార్ట్ చేసినప్పుడు మొదటి రెండు మూడు క్షణాలు గలగలమని చప్పుడొచ్చి ఆగిపోతుంది. వేడెక్కాక ఎంత విన్నా వినబడదు.

దీనికన్నా పెద్దది ఈ350లో వచ్చే వీ6, ఎం272. తొలి ఏళ్ళ ఇంజిన్లలో, సుమారు 2007 దాకా, ఇంజిన్ వణుకు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్ గేరు లోహం మెత్తన. పళ్ళు అరిగి వాల్వు టైమింగ్ పక్కకి జరుగుతుంది. నడిపేవాడికి మొదట్లో తేడా తెలియదు, ఇంజిన్ లైటు మాత్రం వెలుగుతుంది. స్కానరులో క్యామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే కడ్డీ) లోపాల కోడ్లు కనబడతాయి. షెడ్డులో సెన్సరు మారుస్తారు, తర్వాత మాగ్నెట్లు మారుస్తారు, లైటు మళ్ళీ వస్తుంది. అసలు పని చేయాలంటే ఇంజిన్ కిందికి దించాలి, ఆ ఖర్చు పాత కారు ధరకి దగ్గరగా వచ్చేస్తుంది. ఇంజిన్ నంబరు చూస్తే అది పాత గేరుదో మార్చిన తర్వాతిదో తెలుస్తుంది. గేరు మార్చిన బిల్లు ఉన్న 2005 కారు, బిల్లు లేని 2006 కారు కన్నా నా లెక్కలో కొత్తది.

అపోహ: గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం ఉంటుంది, కంపెనీయే చెప్పింది.

చెప్పిన మాట నిజం. డబ్ల్యూ210, డబ్ల్యూ211లలో వచ్చిన అయిదు గేర్ల ఆటోమేటిక్‌కి మొదట 'జీవితాంతం' అన్నారు, తర్వాత వాళ్ళే మాట మార్చుకున్నారు. 60,000 కిలోమీటర్లకి ఒకసారి మార్చినవాళ్ళ గేర్‌బాక్సులు ఇప్పటికీ వెన్నలా నడుస్తున్నాయి.

ఆ గేర్‌బాక్స్‌లో పదమూడు పిన్నుల కనెక్టర్ ఒకటుంది. దాని రబ్బరు రింగు పాతబడితే ఆయిల్ వైరు లోపలి నుంచే పాక్కుంటూ కంట్రోల్ యూనిట్ దాకా వెళుతుంది. రింగులతో సహా ఆ ముక్క ఖరీదు చాలా తక్కువ. తడిసిన యూనిట్ ఖరీదు అలా కాదు. 'ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు' అనే సామెత నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఈ కనెక్టర్ దగ్గరే.

అపోహ: కిలోమీటర్లు తక్కువ తిరిగితే బండి కొత్తదే.

పదేళ్ళలో 30,000 తిరిగిన డీజిల్ ఈ-క్లాస్ నాకు అనుమానం పుట్టిస్తుంది. రోజూ నాలుగు కిలోమీటర్లు పోయి ఆగే డీజిల్‌లో పొగ ఫిల్టరు తనలోని మసిని కాల్చుకునేంత వేడెక్కదు. మసి పేరుకుంటుంది, ఇంజిన్ ఆయిల్‌లోకి డీజిల్ దిగుతుంది. రబ్బరుకి కిలోమీటర్లతో పనిలేదు, ఏళ్ళతోనే పని. హైవే మీద 1,50,000 తిరిగి, ఆయిల్ వేళకి మారిన కారుని నేను దీనికన్నా ముందు చూస్తాను.

అసలు ఆ రీడింగ్ నిజమా? మీటరు వెనక్కి తిప్పేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. ఈ కార్లలో కిలోమీటర్లు మీటరులోనే కాదు, మరికొన్ని యూనిట్లలోనూ నమోదవుతాయి. అన్నీ చదివి పోల్చాలి. స్కానరు లేకపోతే బ్రేకు పెడల్ రబ్బరు, డ్రైవరు సీటు బయటి అంచు, స్టీరింగ్ చర్మం చూడండి. టైరు మీది నాలుగంకెల కోడ్ కూడా: 2318 అంటే 2018లో 23వ వారం. 2016 కారు 20,000 మాత్రమే తిరిగిందంటూ నాలుగు టైర్లూ 2021వి అయితే, ఎందుకు మార్చారో అడగాలి. జవాబు సబబుగా ఉండవచ్చు కూడా, టైరు వయసు మీరినా మారుస్తారు. అడిగినప్పుడు మొహం చూడండి, అంతే.

అపోహ: ఎయిర్ సస్పెన్షన్ ఉంటే ఇల్లు గుల్ల.

నిర్లక్ష్యం చేస్తేనే. ఇందులో ఇనప స్ప్రింగు బదులు గాలి బెలూను ఉంటుంది. అది కొద్దికొద్దిగా లీకవుతుంటే గాలి నింపే కంప్రెసర్ ఆ లోటు పూడ్చడానికి రోజంతా కష్టపడి చివరికి తానూ పోతుంది. రాత్రి ఆపినప్పుడు, పొద్దున తీసేముందు చక్రం పైన ఎన్ని వేళ్ళు పడుతున్నాయో కొలవండి. ఒక మూల కుంగితే బేరం అక్కడ మొదలవుతుంది.

అపోహ: స్కానరులో ఒక్క ఎర్రరూ రాలేదు, ఇక బండి క్లీన్.

చవక స్కానరు ఇంజిన్ ఒక్కదానితోనే మాట్లాడుతుంది. బ్రేకు, సస్పెన్షన్, ఎయిర్‌బ్యాగ్, గేర్‌బాక్స్ యూనిట్లు చెప్పేది దానికి వినబడదు. పైగా కోడ్లు తుడిచేయడం క్షణం పని. అందుకే నేను కోడ్ల కన్నా ముందు, వాటిని తుడిచి ఎన్ని కిలోమీటర్లయిందో చూస్తాను. చాలా కార్లలో ఆ అంకె దొరుకుతుంది. అది 12 అని ఉంటే, నిన్న సాయంత్రం ఎవరో ఏదో దాచారు.

అపోహ: కొత్త తరం కొంటే ఈ తలనొప్పులు ఉండవు.

తలనొప్పులు మారతాయి. డబ్ల్యూ212లో తొలి 2009-11 డీజిల్ నాలుగు సిలిండర్లకి ఇంధనం చిమ్మే పీజో రకం ఇంజెక్టర్ల బెడద ఉండేది, ఉన్నట్టుండి పవర్ పడిపోయేది. తర్వాత రకం మార్చారు. 2013 ఫేస్‌లిఫ్ట్‌లో జంట లైట్లు పోయి ఒకే లైటు వచ్చింది కాబట్టి దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. అమ్మకానికి వచ్చిన ఈ-క్లాస్‌లలో కళ్ళు మూసుకుని ఒకటి చూపించమంటే నా వేలు 2014-16 డబ్ల్యూ212 మీదికే పోతుంది. అప్పటికి పాత జబ్బులు దిద్దారు, డబ్ల్యూ213లో ఉన్నన్ని ఎలక్ట్రానిక్స్ ఇంకా రాలేదు. కళ్ళు మూసుకుని కొనమని మాత్రం కాదు.

డబ్ల్యూ213లో ఇంజిన్ కన్నా సెన్సర్లు చూస్తాను. డీజిల్‌లో యాడ్‌బ్లూ (పొగని శుభ్రం చేసే ద్రవం) వ్యవస్థ, పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లని కొలిచే నాక్స్ సెన్సర్లు ఖర్చు పెట్టిస్తాయి. ముందు నక్షత్రం గుర్తు వెనక రాడార్, ముందు అద్దం వెనక కెమెరా ఉంటాయి. ముందు గుద్ది బంపరు మార్చారు, పెయింట్ చక్కగా కలిసింది, కంటికి వంక లేదు. కానీ రాడార్ని సరిచేయకపోతే తనంతట బ్రేకు వేసే వ్యవస్థ రోడ్డుని వంకరగా చూస్తుంది. అద్దం మార్చినా అంతే. ముందు అద్దం మీది తయారీ గుర్తు మిగతా అద్దాల గుర్తులతో సరిపోలకపోతే, కెమెరా క్యాలిబ్రేషన్ కాగితం అడుగుతాను.

అపోహ: మెకానిక్‌ని తీసుకెళితే చాలు.

ఏ టైముకి తీసుకెళ్ళారన్నదీ ముఖ్యమే. పైన చెప్పిన చెయిన్ చప్పుడు, ఎం276 వీ6 తొలి ఇంజిన్లలో వచ్చే టెన్షనర్ (చెయిన్‌ని బిగువుగా పట్టే ముక్క) గలగల, కూలబడిన ఎయిర్ బెలూను, ఇవన్నీ చల్లటి కారులోనే బయటపడతాయి. కాబట్టి ముందురోజే ఫోన్ చేసి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెబుతాను. వెళ్ళగానే నమస్కారం కన్నా ముందు అరచెయ్యి బానెట్ మీద పెడతాను. వెచ్చగా తగిలితే ఇంకేమీ చూడను, రేపు వస్తానని చెప్పి వెనక్కి తిరుగుతాను.