మెట్ల కింద చేతక్ గురించి తాతయ్య ఉత్తరం

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

పిల్లలూ,

మెట్ల కింద మూలన ఉన్న నా పాత చేతక్ స్కూటర్‌ని ఎవరికీ ఇచ్చేయొద్దని ఫోన్లో మీరిద్దరూ ఒకటే గొడవ. మీ నానమ్మేమో ఆ మూల ఖాళీ అయితే తులసికోట పెట్టుకుంటానని పాత ఇనుము కొనేవాణ్ని రెండుసార్లు గేటు దాకా పిలిచింది. మధ్యలో నలిగేది నేను. ఫోన్లో చెబితే సగం విని ‘సరే తాతయ్యా’ అనేస్తారు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

నిన్న పొద్దున్న దాన్ని బయటికి లాగాను. టైర్లు రెండూ నేలకు అతుక్కుపోయాయి. సీటు కింద ఎలుకలు కాపురం పెట్టి ఖాళీ చేసి వెళ్లాయి. ‘ఇంజన్ స్టార్టవుతుందా?’ అని కదా మీరు అడిగారు. అందరూ మొదట అడిగేది అదే. నేను మాత్రం స్క్రూడ్రైవర్ పట్టుకుని బండి కింద దూరాను.

ఎందుకంటే, మోటార్ సైకిల్‌కి ఇనుప గొట్టాల చట్రం ఉంటుంది, మిగతావన్నీ దానికి తగిలిస్తారు. చేతక్‌కి అలాంటి చట్రం లేదు. రేకును అచ్చులో నొక్కి, ముక్కలు అతికించి చేసిన ఆ ఒళ్లే దాని ఎముకలు. మీరు కాళ్లు పెట్టుకునే పలక తుప్పు పట్టి పోయిందంటే అది అందం సంగతి కాదు, బండి నడుము విరిగినట్టు. ఇంజన్‌కేముంది? నాలుగు నట్లు విప్పితే కిందికి దిగుతుంది. పిస్టన్, రింగులు, సీళ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఒంటి రేకు పోతే కొత్తది ఎక్కడ తెస్తాం?

పైగా మనది సముద్రం ఊరు. మన మేడ మీద ఆరేసిన బట్టలు సాయంత్రానికి జిగటగా ఉంటాయి చూడండి, గాలిలో ఉప్పు అంత ఉంటుంది. ఇనుము మీద వాలిన ఉప్పు పొర గాలిలో తేమను లాక్కుని పట్టుకుంటుంది. వాన పడకపోయినా రేకు తడిగానే ఉంటుంది, తుప్పు తిండి మానదు. షిప్‌యార్డులో ఉన్నన్నాళ్లూ నేను చూసింది అదే. చిన్న సుత్తితో ప్లేటు మీద కొడితే మంచిది ‘ఠంగ్’ మంటుంది. లోపల తినేసింది మొద్దుగా ‘డబ్’ మంటుంది. రంగును నమ్మొద్దు, చెవిని నమ్మమని మా ఫోర్‌మన్ చెప్పేవారు.

రంగును నమ్మి ఒకసారి మోసపోయాను కూడా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన షెడ్డు రేకులు ఎగిరిపోయి బండి రాత్రంతా వానలో నిలబడింది. ఆ తర్వాత ఒక మెకానిక్ షెడ్డువాడికి ఇస్తే పెళ్లికొడుకులా చేసి పంపాడు. రెండు వానాకాలాలు తిరిగాక కాలిబ్రేకు దగ్గర పెయింట్ బుడగలు లేచింది. గీకి చూస్తే తుప్పు మీదే లప్పం పెట్టి పైన రంగు కొట్టేశాడు! అందుకే, ఎప్పుడైనా పాత బండి కొనాల్సి వస్తే తళతళలాడేదాని కంటే తుప్పు కనబడుతున్నదే నయం. దాని సంగతేంటో కంటికి తెలుస్తుంది.

ఇక నిన్నటి ఫలితం. ఎడమ వైపు పలక ఠంగుమంది. పలక కింద బరువు మోసే నడిమి దూలం కూడా గట్టిగానే ఉంది. కుడి వైపు, సరిగ్గా ఆ బుడగలు లేచిన చోట, స్క్రూడ్రైవర్ అప్పడంలో దిగినట్టు దిగిపోయింది. అరచేయంత మేర. కోసేసి కొత్త రేకు అతికించొచ్చు. దూలం కూడా పోయి ఉంటే నేనే ఆ ఇనుము కొనేవాణ్ని మళ్లీ పిలిచేవాణ్ని.

ఇంజన్ సంగతీ చెబుతాను, లేకపోతే మీకు నిద్ర పట్టదు. ఏళ్ల తరబడి ఆగిన బండికి కిక్ కొట్టకూడదు. లోపల పిస్టన్ పట్టేసి ఉంటే బలవంతం చేసిన కొద్దీ గీతలు పడతాయి. ప్లగ్గు విప్పి ఆ కన్నంలో కాస్త ఆయిల్ పోసి వదిలేశాను. ఇవాళ పొద్దున్న చేత్తో కిక్‌ని మెల్లగా నొక్కితే మొదట మొరాయించింది, తర్వాత ‘కర్ర్’మని కదిలింది. మీ నానమ్మ ముందు సంతోషం దాచుకోవడానికి కష్టపడ్డాను.

కదిలింది కదా అని నడుస్తుందని కాదు. లోపలికి గాలి చొరబడకుండా ఆపే రబ్బరు సీళ్లు ఎండిపోయి ఉంటాయి. వాటి సందుల్లోంచి గాలి పీల్చి ఇంజన్ తనంతట తానే గొంతు పెంచుకుంటూ పోతుంది. టాంకులో పాత పెట్రోలు జిగురై కార్బొరేటర్ కన్నాలు మూసేసి ఉంటుంది. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు. అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరును పాడు చేస్తుంది. కాబట్టి రబ్బరు ముక్క ప్రతిదీ మార్చాల్సిందే. మెకానిక్ అన్నీ కలిపి 40,000 దాకా అంటున్నాడు. ఆ మాట ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

కాగితాలు మరో టెన్షన్. 1977లో బుక్ చేస్తే 1982లో చేతికొచ్చింది ఈ బండి. అప్పట్లో స్కూటర్ కోసం ఏళ్లు కాచుకోవడం మామూలే. మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 2017 తర్వాత నేను బద్ధకించాను. ఇప్పుడు చేయించాలంటే ఆలస్యానికి జరిమానా ఉంటుంది, ఇన్‌స్పెక్టర్ బండిని చూడాలి. పాత బళ్ల ఫీజు 2022లో ఒకసారి, 2025లో మరోసారి పెంచారు. ఛాసిస్ నంబరు మాత్రం అదృష్టం కొద్దీ చదవడానికి వస్తోంది. అది చెరిగిపోయి ఉంటే ఎంత బాగు చేసినా రోడ్డెక్కేది కాదు.

ఒక మాట మీకు నచ్చకపోవచ్చు. రోజూ కాలేజీకి వెళ్లడానికి ఇది పనికిరాదు. దీనిది టూ స్ట్రోక్ ఇంజన్. అందులో కొత్త పెట్రోలు లోపలికి వచ్చేటప్పుడు పొగ పోయే దారి కూడా తెరిచే ఉంటుంది, కాబట్టి కొంత పెట్రోలు, అందులో కలిపిన ఆయిల్‌తో సహా, కాలకుండానే బయటికి పోతుంది. ఆ నీలి పొగ, ఆ వాసన నాకు ముద్దు, వెనకాల వచ్చేవాడికి కాదు. ఇంజన్ కుడి పక్కన ఉంటుంది కాబట్టి బండి అటే వాలుతుంది. గేర్లు ఎడం చేతిలో. బ్రేకులు ఇప్పటి బళ్లలా పట్టవు. కైలాసగిరి ఘాట్ దిగుతూ నేనే రెండుసార్లు సింహాద్రి అప్పన్నకు మొక్కుకున్నాను.

అయినా బాగు చేయిద్దామనే నా నిర్ణయం. ముందు రేకు, తర్వాత ఇంజన్. రంగు మాత్రం వద్దు. అతికించిన చోట తుప్పు ఆపే ఎర్ర పూత, రెడాక్సైడ్, కొట్టి అలాగే వదిలేద్దాం. జగదాంబ, కాన్వెంట్ జంక్షన్ మీదుగా సింధియాలో మా షిప్‌యార్డుకు రోజూ నన్ను మోసుకెళ్లిన బండి అది. ముందు భాగం మీద సొట్ట మీ నాన్న పదో తరగతిలో పెట్టింది. అది ఎవడు సాఫు చేస్తానన్నా ఒప్పుకోను.

దసరాకి వచ్చినప్పుడు చక్రాల జోలికి మాత్రం పోవద్దని మీ బావకి కూడా చెప్పండి. దాని రిమ్ము రెండు ముక్కలు, నట్లతో బిగించి ఉంటుంది. గాలి తీయకుండా ఆ నట్లు విప్పితే ముక్క ఎగిరి మొహాన తగులుతుంది. నేను వచ్చి పక్కన నిలబడ్డాక విప్పుదురు గాని.

పెట్రోల్లో ఆయిల్ కలిపే కొలగ్లాసు దొరికింది. లీటరుకి 20 మిల్లీలీటర్లు, గీత నేనే గోరింటాకు రంగు నెయిల్‌పాలిష్‌తో పెట్టాను. మీ నానమ్మ దాన్ని ఇన్నాళ్లూ దేవుడి దీపం నూనెకి వాడుతోందట. అడిగి తీసుకునే పని మీది.

మీ తాతయ్య