నియంత పాలనలో వార్త: అపోహలు, వాస్తవాలు

పదిహేడేళ్లు ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పనిచేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో జర్నలిజం విద్యార్థులకు పత్రికల చరిత్ర బోధిస్తున్నాను. నియంతృత్వంలో ప్రచారం, సెన్సార్‌షిప్ అనే పాఠం వచ్చిన ప్రతిసారీ కొన్ని అభిప్రాయాలు వినిపిస్తూనే ఉంటాయి. విద్యార్థులే కాదు, అనుభవజ్ఞులైన విలేకరులు కూడా వాటిని నమ్ముతున్నారు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: నియంతల ప్రచారమంటే పచ్చి అబద్ధాలు.

వాస్తవం: హిట్లర్ ప్రచార మంత్రి పేరు మీద మన నాయకుల నోట రోజూ వినే ‘గోబెల్స్ ప్రచారం’ అన్న మాట వల్ల ఈ అపోహ బలపడింది. అబద్ధాలు ఉండే మాట నిజమే గానీ, అసలు పని జరిగేది చెప్పకుండా వదిలేసిన చోట. 1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున చెర్నోబిల్‌లో నాలుగో రియాక్టర్ పేలితే, స్వీడన్‌లోని ఒక అణు విద్యుత్ కేంద్రంలో రేడియోధార్మికత బయటపడిన తరువాత, 28వ తేదీ రాత్రి గానీ సోవియట్ టీవీ నోరు విప్పలేదు. ప్రమాదం జరిగిందని, ఒక రియాక్టర్ దెబ్బతిన్నదని, చర్యలు తీసుకుంటున్నామని, బాధితులకు సాయం అందుతోందని, కమిషన్ వేశామని ఆ ప్రకటన చెప్పింది. అందులో అబద్ధమని వేలెత్తి చూపగలిగే ముక్క దొరకదు. గాలిలో ఏముందో, పిల్లలను ఇంట్లోనే ఉంచాలో వద్దో మాత్రం చెప్పలేదు. మే 1న చెర్నోబిల్‌కు దగ్గర్లోని కీవ్ నగర వీధుల్లో పిల్లలతో సహా జనం ఊరేగింపుగా నడిచారు.

అపోహ: సెన్సార్ అంటే ఎర్రసిరా కలం పట్టుకున్న అధికారి.

వాస్తవం: అంతమంది అధికారులను ఏ ప్రభుత్వమూ పోషించలేదు. అందుకే ఆ పనిని సంపాదకుడికీ, చివరికి పాఠకుడికీ అప్పగిస్తారు. 1933 అక్టోబరులో నాజీ ప్రభుత్వం తెచ్చిన సంపాదకుల చట్టం, పత్రికలో అచ్చయ్యే విషయానికి సంపాదకుణ్ణి వ్యక్తిగతంగా రాజ్యానికి జవాబుదారీ చేసింది. ఆ తరువాత ఏది రాయకూడదో ఎవరికి వారే ఊహించుకోవడం మొదలైంది. సోవియట్ యూనియన్‌లో రహస్య పోలీసు అధిపతి బెరియాను 1953లో మట్టుపెట్టాక, గ్రేట్ సోవియట్ ఎన్‌సైక్లోపీడియా చందాదారుల ఇళ్లకు కొత్త పుటలు వచ్చాయి. కత్తెరతోనో బ్లేడుతోనో బెరియా ఉన్న పుటలను కోసేసి, బేరింగ్ సముద్రం వగైరా వివరాలున్న వీటిని అంటించుకోమని సూచన. ఈ సంగతి చెప్పగానే క్లాసులో నవ్వుతారు. ఆ బ్లేడు పట్టుకున్న చెయ్యి ఎవరిదని అడిగితే మౌనం.

చట్టంతో పనిలేకుండా భయమే ఈ పని చేయగలదు. అందుకు ఉదాహరణ కోసం మనం కాచిగూడ దాటి వెళ్లనక్కర్లేదు. హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో చేరాలని రాసిన ఉర్దూ దినపత్రిక ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టు 21 రాత్రి, ఇంటికి వెళ్తుండగా రజాకార్లు కాల్చి, చెయ్యి నరికారు. ఆ చేత్తోనే ఆయన సంపాదకీయాలు రాసేవాడని నగరంలో ప్రతి విలేకరికీ తెలుసు. వాళ్లకు విడిగా ఉత్తర్వు పంపవలసిన అవసరం ఏముంటుంది?

అపోహ: ప్రచారమంటే గంటల తరబడి ఉపన్యాసాలు.

వాస్తవం: కాదు. 1933లో 76 మార్కులకు, 1938లో 35 మార్కులకే రేడియోలు అమ్మించిన గోబెల్స్, విసుగెత్తిస్తే జనం రేడియో కట్టేస్తారని బాగా ఎరిగినవాడు. అందుకే సంగీతానికీ, వినోదానికీ పెద్దపీట వేశాడు.

అపోహ: ప్రజలు నమ్మితేనే ప్రచారం ఫలించినట్టు.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. జనం నమ్మకపోయినా ఫరవాలేదు. తనలాగే పక్కింటివాడూ నమ్మడం లేదన్న సంగతి ఎవరికీ తెలియకుండా ఉంటే చాలు. చైనా సామాజిక మాధ్యమాల్లో తొలగించిన పోస్టులను పరిశీలించి హార్వర్డ్ పరిశోధకులు 2013లో తేల్చినది కూడా ఇంచుమించు ఇదే: నాయకులపై ఘాటైన విమర్శలు చాలావరకు మిగిలాయి, జనాన్ని వీధిలోకి తేగల విషయాలే మాయమయ్యాయి. నిజాం రాజ్యంలో ‘గస్తీ నిషాన్ తిర్పన్’ (53వ నంబరు సర్క్యులర్) బహిరంగ సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేయడం వెనుక ఉన్నదీ ఈ భయమే.

మన ఎమర్జెన్సీ ఎన్నికైన ప్రభుత్వం విధించినది. అయినా సెన్సార్ పనితీరు తెలుసుకోవడానికి అది మంచి పాఠం. 1975 జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటును ఖాళీగా వదిలింది. ఆ తరువాత అలా ఖాళీ వదలడాన్ని కూడా నిషేధించారు. అక్షరం లేని ఆ జాగాను చూసి, ఇంకా లక్షలమంది ఇదే చూస్తున్నారని ప్రతి పాఠకుడికీ అర్థమవుతుంది గనక ఆ తెల్ల కాగితం కూడా వార్తే అయింది.

గత ఏడాది ఒక విద్యార్థిని చేతికి 1975 జులై నాటి పత్రిక నకళ్లు ఇచ్చి, ఇందులో ఏం లోపించిందో చెప్పమన్నాను. అరగంట తిరగేసి, “సార్, అంతా మామూలుగానే ఉంది. రైళ్లు కూడా టైముకే నడుస్తున్నాయి” అంది. అప్పుడు అదే పత్రిక జూన్ మొదటివారం నకళ్లు తెచ్చి పక్కన పెట్టాను. లేని పేర్లన్నీ వరుసగా రాసుకోవడానికి ఆ అమ్మాయికి పది నిమిషాలు పట్టింది.